నరాల నొప్పి మాత్ర, నా నిద్ర

అక్కి పొక్కులు ఎండి రాలిపోయాక పీడ వదిలిందనుకున్నాం. వీపు మీద మొదలై పక్కటెముకల మీదుగా రొమ్ము కిందకి ఒకే వైపు పట్టీలా వచ్చిన పొక్కులవి. చర్మం మామూలైంది, మచ్చలు మిగిలాయి, నొప్పి మాత్రం కదల్లేదు. ఎప్పుడూ ఒక మంట, మధ్యమధ్యలో కరెంటు కొట్టినట్టు ఒక పోటు. అన్నిటికంటే విచిత్రమేమిటంటే, అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే హాయిగా ఉండేది గానీ చొక్కా అలా రాసుకుంటే చాలు, ప్రాణం విలవిల్లాడేది.

ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్ నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి పడి ఉండి, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అక్కిగా బయటికొస్తుందట. వచ్చిన దారిలో నరాన్ని దెబ్బతీసి పోతుంది. పొక్కులు మానాక కూడా నొప్పి మూడు నెలలకు పైగా ఉంటే దాన్ని పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా అంటారని న్యూరాలజిస్టు చెప్పారు. వయసు పైబడే కొద్దీ ఇది మిగిలిపోయే అవకాశం ఎక్కువట. మామూలు నొప్పి బిళ్లలు దీన్ని పెద్దగా ముట్టుకోవు. అది నాకు అప్పటికే అనుభవమైంది.

పగలంతా ఏదో పనిలో పడి ఎలాగో నెట్టుకొచ్చేవాణ్ని. రాత్రి దీపం ఆర్పితే ఇక ఆ మంటా నేనూ తప్ప ఎవరూ ఉండరు. దుప్పటి కప్పుకుంటే తగులుతుంది, తీసేస్తే చలి. ఒక పక్కకే పడుకోవాలి, నిద్రలో తిరిగితే మెలకువ. నిద్ర చాలకపోతే మర్నాడు నొప్పి ఇంకా పదునెక్కేది. ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే ఈ గొలుసు గురించి డాక్టర్లకు బాగా తెలుసు. అందుకే నన్ను అడిగిన మొదటి ప్రశ్నల్లో 'రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు' అనేది ఒకటి.

ముందుగా రాసిచ్చింది అమిట్రిప్టిలిన్, 10 మిల్లీగ్రాములది. డిప్రెషన్ కోసం 1961 నుంచీ ఉన్న పాత మందు. డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే బాగా తక్కువ మోతాదులో నరాల నొప్పికి వాడతారు. ఇది మెదడులో హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది కాబట్టి మగత ఎలాగూ వస్తుంది. జలుబు మాత్రల్లో కొన్ని మత్తుగా ఉండేదీ ఇందుకే. ఆ మగత రాత్రితో ఆగకపోవడమే నాకొచ్చిన చిక్కు. ఒంట్లోంచి సగం తగ్గడానికే దీనికి పది గంటల పైన, కొందరిలో ఒక రోజు కంటే కాస్త ఎక్కువే పడుతుంది. పడుకునే ముందు వేసుకుంటే పొద్దున్న పళ్లు తోముకుంటున్నా కళ్లు తెరుచుకునేవి కావు. డాక్టరు చెప్పాక పడుకునే వేళకి రెండు మూడు గంటల ముందే వేసుకోవడం మొదలుపెడితే ఉదయాలు కాస్త తేలికయ్యాయి. కానీ నోరు పిడచకట్టుకుపోయేది. నీళ్లకి లేవడం, ఆ నీళ్ల వల్ల మళ్లీ లేవడం. ఆ రోజుల్లో కలలు రావడం కూడా దాదాపు ఆగిపోయింది. ఈ రకం మందులు కలలొచ్చే నిద్ర దశని తొక్కిపెడతాయట. ఆపేశాక కొన్ని రాత్రులు పోగైన కలలన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. చిన్నప్పటి బళ్లోంచి మొదలుపెట్టి అన్నీ వరసగా. భయమేమీ వెయ్యలేదు గానీ పొద్దున్నకి అలసటగా ఉండేది.

నొప్పి సగం కూడా తగ్గకపోవడంతో దాన్ని ఆపి ప్రీగాబలిన్‌కి మార్చారు. మొదలుపెట్టేముందు క్రియాటినిన్ పరీక్ష చేయించమన్నారు. నరాలకిచ్చే మందుకి కిడ్నీ పరీక్ష ఎందుకని అడిగాను. ఈ మందు ఒంట్లో ఏ మార్పూ లేకుండా, దాదాపు మొత్తం, మూత్రంలోనే బయటికి పోతుంది. కిడ్నీలు మందగించిన వాళ్లలో అది పేరుకుపోతుంది, మత్తూ తూలూ ఎక్కువవుతాయి, కాబట్టి వాళ్లకి మోతాదు తగ్గించాలి. పెద్దవయసు వాళ్లకి ఇదే మందు మరీ మత్తెక్కించిందని వింటుంటాం కదా, చాలాసార్లు అసలు కారణం ఇక్కడుంటుంది.

ప్రీగాబలిన్ 2004లో ఆమోదం పొందింది. దాని అన్నలాంటి గాబాపెంటిన్ అంతకు పదకొండేళ్ల ముందు, 1993లో, ఫిట్స్ మందుగా వచ్చింది. గాబా అనేది మెదడుని శాంతపరిచే రసాయనం. ఈ రెండింటినీ దాని పోలికలోనే తయారు చేశారు, కానీ చిత్రంగా ఇవి గాబా పనిచేసే చోట పనిచేయవు. నరాల చివర కాల్షియం లోపలికి వెళ్లే ద్వారాలకి ఒక భాగం ఉంటుంది, దాన్ని పట్టుకుని నొప్పి సంకేతాన్ని మోసే రసాయనాలు తక్కువగా విడుదలయ్యేలా చేస్తాయి. నిద్రమాత్రలకీ వీటికీ దారి వేరు. ఈ తేడా నాకు తర్వాత బాగా పనికొచ్చింది.

రాత్రికి 75 మిల్లీగ్రాముల క్యాప్సూల్ ఒకటి. మొదటి రాత్రి గంట తిరక్కుండానే మాటలు ముద్దముద్దగా రావడం మొదలైందని మా ఆవిడ అంది. నాకు తెలిసిందల్లా తెల్లారడమే. అంత నిద్ర ఎన్నాళ్లయిందో. లేచి నిలబడగానే గది ఒక పక్కకి ఒరిగింది. గోడ పట్టుకుని బాత్రూంకి వెళ్లాను. ఆ తర్వాత కొన్నాళ్లు మంచం నుంచి బాత్రూం దాకా చిన్న లైటు వెలుగుతూ ఉండేలా చేసింది మా ఆవిడ. లేచిన వెంటనే నడవకుండా ఒక నిమిషం మంచం అంచున కూర్చోమనేది. ఈ మందు వాడేవాళ్లు రాత్రిళ్లు పడి తుంటి విరగ్గొట్టుకోవడం డాక్టర్లకి పెద్ద భయం. ఆ భయంలో అర్థముందని ఒక్క రాత్రిలో తెలిసింది. బండి నడపడం కూడా ఆ తూలు పూర్తిగా పోయేదాకా మానేశాను.

ఆ తొలి వారాల నిద్ర గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఊరికే మత్తుగా పడి ఉండటం కాదది. మధ్యలో లేవడం బాగా తగ్గింది, లేచినా వెంటనే మళ్లీ పట్టేసేది, పొద్దున్న ఒళ్లు విశ్రాంతి తీసుకున్నట్టే ఉండేది, తల మాత్రం బరువు. ఇదేమిటని అడిగితే డాక్టరు చెప్పిన మాట ఆసక్తిగా అనిపించింది. తలకి తీగలు అంటించి నిద్రని కొలిచే పరీక్షల్లో ప్రీగాబలిన్ గాఢనిద్ర దశని పెంచుతుందనీ, మధ్య మెలకువల్ని తగ్గిస్తుందనీ, అదీ ఏ నొప్పీ లేని ఆరోగ్యవంతుల్లో కూడా, తేలిందట. ఆందోళనకి వాడే ఆల్ప్రజోలం లాంటి మాత్రలు చేసేది ఇందుకు తలకిందులు. త్వరగా నిద్రపుచ్చుతాయి గానీ గాఢనిద్రని తగ్గిస్తాయి.

నేనొక నోటుపుస్తకం పెట్టుకున్నాను. చొక్కా తగిలితే ఎంత బాధ, రాత్రి ఎన్నిసార్లు లేచాను, పొద్దున్న తల ఎంత బరువు, ఈ మూడే రాసేవాణ్ని, పదికి ఇన్ని అని. నిద్ర ఎన్ని గంటలన్నది రాయలేదు. గంటలు లెక్కపెడుతూ పడుకుంటే ఆ లెక్కే నిద్ర చెడగొడుతుందని నా నమ్మకం.

కొన్ని వారాలకి మోతాదు పెరిగింది. పొద్దున్న 75, రాత్రి 150. నొప్పి బాగా దిగింది. అయితే పొద్దుటి మాత్ర వల్ల మధ్యాహ్నం కుర్చీలోనే కునుకు పట్టేది. తెలిసిన మనిషి పేరు నాలుక చివర ఉండి బయటికి రాదు. చదివిన పేరా మళ్లీ చదవాలి. లెక్కలు చూసే పని నాది. ఒక అంకెకు బదులు ఇంకో అంకె పడుతుందేమోనని ప్రతిదీ రెండుసార్లు సరిచూసుకునేవాణ్ని. నొప్పి తగ్గినందుకు ఇచ్చుకోవలసిన ఖరీదు అనుకుని సరిపెట్టుకున్నాను. నిజానికి అది కూడా డాక్టరుకి చెప్పవలసిన విషయమే, చెప్పాను కూడా, కొంతకాలం ఆగి చూద్దామన్నారు. ఆగితే చాలావరకు తగ్గింది.

ఆ తగ్గడంతోనే ఇంట్లో ఒక గాభరా మొదలైంది. మత్తు పోయింది. మాత్ర వేసుకున్న గంటకి కమ్ముకొచ్చే ఆ మగత కొన్ని నెలలకి కనిపించకుండా పోయింది. మామూలుగా పక్క మీద వాలి, అటూ ఇటూ పొర్లి, అందరిలాగే నిద్రపోతున్నాను. ఒక్కోరోజు పదకొండు దాటినా కళ్లు మూతపడవు. 'మందు పని చెయ్యడం మానేసిందండీ, ఇంకోటి వేసుకోమంటారేమో అడగండి' అంది మా ఆవిడ. మా తమ్ముడైతే ఏకంగా రాత్రిది రెండు చేసేసుకో అన్నయ్యా అన్నాడు. వాడికి అన్ని రోగాలకీ అదే వైద్యం.

నోటుపుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరకి వెళ్లాం. ఆయన మగత సంగతి పక్కనపెట్టి మొదటి రెండు వరసలు మాత్రమే చూశారు. చొక్కా బాధ ఎనిమిది నుంచి మూడుకి దిగి అక్కడే నిలిచి ఉంది. లేవడం అయిదారు నుంచి ఒకటికి వచ్చింది. అప్పుడు విడమరిచి చెప్పారు. మగత ఈ మందుకి పక్క ప్రభావం, దానికి ఒళ్లు వారాల్లో అలవాటు పడిపోతుంది. నొప్పి మీద చేసే పని అలా అలవాటై పోవాలని లేదు. మొదట్లో నన్ను పడుకోబెట్టింది మగత, ఇప్పుడు పడుకోనిస్తున్నది నొప్పి లేకపోవడం. మగతని వెంటాడుతూ మోతాదు పెంచుకుంటూ పోతే వచ్చేది తూలు, వాపు, ఆధారపడటం. ఈ చివరి మాట ఆయన నొక్కి చెప్పారు. బ్రిటన్‌లో ప్రీగాబలిన్‌నీ గాబాపెంటిన్‌నీ దుర్వినియోగం కారణంగానే 2019 ఏప్రిల్ నుంచి నియంత్రిత మందుల జాబితాలో చేర్చారు.

నాకు ఈ మందు గురించి అర్థమైన అసలు సంగతి ఇదే. మొదటి నెల చూసి ఇది నిద్రమాత్ర అనుకున్నవాళ్లు నాలుగో నెలలో మోసపోయామనుకుంటారు. మందు చేసే పని మందు చేస్తూనే ఉంటుంది, మనమే వేరే దాన్ని కొలుస్తుంటాం.

అలాగని అంతా సవ్యంగా ఏమీ లేదు. తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే, మంటతో మెలకువ వచ్చే రాత్రులు మళ్లీ మొదలయ్యాయి. ఇది మగత సంగతి కాదు, నిజంగా నొప్పే. మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. సాయంత్రం పెందరాళే వేసుకుంటే తెల్లారేసరికి పలచబడిపోతుంది కదా. నేనేమో అమిట్రిప్టిలిన్ అలవాటు కొద్దీ దీన్నీ ముందే వేసుకుంటున్నాను. వేళని పడుకునే ముందుకి జరిపారు. తిన్న వెంటనే వేసుకుంటే మందు ఎక్కడం కూడా ఆలస్యమవుతుంది. ఖాళీ కడుపున గంటన్నర లోపు రక్తంలో పతాకస్థాయికి చేరేది, తిని వేసుకుంటే సుమారు మూడు గంటలు తీసుకుంటుంది, ఆ పతాకస్థాయి కూడా తక్కువే. మొత్తం మీద ఒంట్లోకి చేరే మందు మాత్రం పెద్దగా మారదు. ఈ సంగతి తెలిశాక భోజనానికీ మాత్రకీ మధ్య వ్యవధిని రోజూ ఒకేలా ఉంచాను. రాత్రికీ రాత్రికీ తేడా తగ్గింది. డోసు ఒక్క మిల్లీగ్రాము పెరగకుండా తెల్లవారుజాము మెలకువలు చాలావరకు పోయాయి.

తర్వాత వచ్చింది గురక. ఇది నాకు తెలిసింది కాదు, చెప్పింది మా ఆవిడ. 'మీ నొప్పి తగ్గాక నా నిద్ర పోయింది' అని నవ్వుతూనే అంది గానీ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి మళ్లీ గట్టిగా లాగుతున్నానని చెప్పినప్పుడు ఆ నవ్వు లేదు. ఈ మందుతో బరువు పెరగడం మామూలు. ఆకలి ఎక్కువైందని నాకూ తెలుస్తూనే ఉంది. ప్యాంటు బిగుసుకుపోయింది, సాయంత్రానికి చీలమండల దగ్గర మేజోడు గుర్తులు లోతుగా పడుతున్నాయి. బరువు పెరిగితే గురక, గురకతో నిద్ర చెడటం. నొప్పి తగ్గించి నిద్రనిచ్చిన మందే మెల్లగా ఇంకో దారిన నిద్రని తగ్గిస్తోందన్నమాట, అదీ మనం గమనించనంత నింపాదిగా.

గురక మాట విన్నాక డాక్టరు ముఖం మారింది. వేరే ఏమేం మందులు వాడుతున్నానో ఒక్కొక్కటీ అడిగారు. దగ్గు మందు, నిద్రమాత్ర, మద్యం, నల్లమందు జాతి నొప్పి మందులు, అన్నీ. 2019 డిసెంబర్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ప్రీగాబలిన్, గాబాపెంటిన్ రెండింటి మీదా హెచ్చరిక జారీ చేసింది. ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లలో, పెద్దవయసు వాళ్లలో, మత్తు కలిగించే ఇతర మందులతో కలిపి వాడేవాళ్లలో శ్వాస ప్రమాదకరంగా మందగించవచ్చని. ఆ మధ్య దగ్గొస్తే ఇంట్లో మిగిలి ఉన్న సిరప్ సీసా ఒకటుంది, దాని మీద కోడీన్ అని ఉంది, అదీ నల్లమందు జాతిదే. ఇంటికి వెళ్లగానే పారేశాం. నిద్రలో శ్వాసని కొలిచే పరీక్ష చేయించారు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఉంది, తక్కువ స్థాయిలో. నిద్రలో గాలి ఊదే మిషను దాకా వెళ్లకుండా బరువు తగ్గించుకుని, వెల్లకిలా పడుకోవడం మాని చూడమన్నారు. అక్కి వచ్చిన పక్కన పడుకోలేను కాబట్టి రెండో పక్క నాకు ఎలాగూ అలవాటే, అక్కడ మాత్రం అదృష్టం కలిసొచ్చింది.

చొక్కా బాధ ఒకటికి దిగి చాలాకాలం అక్కడే ఉన్నాక తగ్గించడం మొదలుపెట్టారు. ఆపేద్దామని నాకున్న తొందర ఆయనకి లేదు. ఈ మందుని ఉన్నట్టుండి ఆపకూడదు. కనీసం వారం పాటయినా క్రమంగా తగ్గించాలని మందు పెట్టెలోని కాగితమే చెబుతుంది. నెలల తరబడి వాడినవాళ్లకి ఇంకా నిదానంగా తగ్గించడం మంచిదన్నారు. గబుక్కున ఆపితే నిద్ర పట్టకపోవడం, చెమటలు, తలనొప్పి, వికారం, కారణం లేని ఆందోళన. ఫిట్స్ ఉన్నవాళ్లకయితే మరీ ప్రమాదం.

ముందు పొద్దుటి మాత్ర మీద చెయ్యేశారు. 75 నుంచి 50, తర్వాత 25, తర్వాత లేదు. విచిత్రంగా పొద్దుటి మాత్ర పోయేకొద్దీ రాత్రి నిద్ర బాగుపడింది. మధ్యాహ్నపు కునుకు పోయింది కాబట్టి రాత్రికి నిద్ర మిగిలింది. ఇది ముందే తోచి ఉండాల్సినంత తేలిక విషయం, కానీ డాక్టరుతో సహా ఎవరమూ అనుకోలేదు.

రాత్రి మాత్ర తగ్గించడం మొదలుపెట్టాక కథ వేరు. 150 నుంచి కిందికి దిగిన ప్రతిసారీ ఒకటి రెండు రాత్రుల్లోనే నిద్ర చెదిరేది. పక్క మీద వాలితే ఒళ్లంతా చిరాకు, మెడ వెనక చెమట, ఏదో మరిచిపోయానన్న ఆదుర్దా. 'మళ్లీ మొదలైందేమో' అన్న భయం అన్నిటికంటే ఎక్కువగా మెలకువగా ఉంచింది. ఇక్కడ నాకు నోటుపుస్తకం మళ్లీ అక్కరకొచ్చింది. నిద్ర చెడినా చొక్కా బాధ వరసలో అంకె కదల్లేదు. నొప్పి తిరగబెట్టి ఉంటే అది ఆ పట్టీ మీదే, ఆ మంటతోనే వచ్చేది. ఇది ఒంటికి మందు తగ్గిన చిరాకు. అది తెలిశాక రాత్రి లేచినా నొప్పి కోసం వెతుక్కోవడం మానేసి, లేచి కూర్చుని ఏదో ఒకటి చదువుకుని, నిద్ర వచ్చాకే వెళ్లి పడుకునేవాణ్ని. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని రాత్రులు పట్టేది, తర్వాత సర్దుకునేది. సర్దుకున్నాకే తర్వాతి మెట్టు.

ఒక్క మెట్టు దగ్గర మాత్రం సర్దుకోలేదు. 75 నుంచి 50కి దిగినప్పుడు చొక్కా అంకె కూడా పెరిగింది, రెండు మూడు మధ్య ఊగిసలాడింది, దుప్పటి అంచు మళ్లీ తగులుతున్నట్టు తెలిసింది. డాక్టరుకి ఫోన్ చేస్తే మళ్లీ 75కి వెళ్లమన్నారు. దాన్ని ఓటమిగా తీసుకోనక్కర్లేదన్నారు, నరానికి ఇంకా సమయం కావాలంతే అన్నారు. నాకూ పెద్దగా బాధ అనిపించలేదు. రాత్రిపూట ఒక్క 75తో పగలంతా తల తేలిగ్గా ఉంటోంది, ప్యాంటు మళ్లీ పడుతోంది, గురక తగ్గిందని మా ఆవిడ ఒప్పుకుంది, పూర్తిగా పోయిందని మాత్రం అనలేదు.

ఇప్పుడు అక్కడే ఉన్నాను. క్రియాటినిన్ మరోసారి చూసి, చొక్కా అంకె ఒకటి దగ్గర నిలకడగా ఉంటే 50కి మళ్లీ ప్రయత్నిద్దామన్నారు. రాత్రి మాత్ర వేసుకున్నాక ఇప్పుడు నాకేమీ తెలియదు, మగత లేదు, తూలు లేదు, మాటలు ముద్దగా రావు. నిద్ర వస్తే వస్తుంది, కొన్ని రాత్రులు రాదు. రాని రాత్రి నోటుపుస్తకంలో మొదటి వరస రాసేటప్పుడు ఒకటి అని పడితే మిగతా రెండు వరసలు ఈమధ్య రాయడం మానేశాను.